సంక్రాంతి సెలవు: అడుగువారు, ఇచ్చువారు
(ప్రసంగ పాఠము)



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు చరోదా రైల్వే కాలనీలోని తెలుగువారి ఇండ్ల ముందు ముగ్గులు విరియును. అదే మాసమున ఆ ఇండ్లలోని ఉద్యోగులు సెలవు కాగితములు వ్రాయుదురు. ముగ్గు పెట్టుట కెవరి అనుమతియు నక్కరలేదు. సెలవు కాగితముపై మాత్రము పై అధికారి సంతకము పడవలెను. ఆ సంతకము పడునో, పడదో యను సంశయములోనే ఎన్నో కుటుంబములకు పండుగ సంతోషము సగము కరగిపోవుచున్నది. సెలవు నెట్లడుగవలెను, ఎట్లీయవలెను, ఆ రెండింటికి నడుమ న్యాయ మెక్కడ నున్నది యనునదే ఈ ప్రసంగ విషయము.

చరోదా యెట్టి చోటో మొదట స్మరించుట మంచిది. హౌరా నుండి నాగపూరు మీదుగా బొంబాయి పోవు ప్రధాన రైలు మార్గముపై, రాయపూరు దుర్గుల నడుమ ఈ ఊరున్నది. ప్రక్కనే దేవబలోదాలో ప్రాచీన శివాలయము కలదు. ఈ నేలపై నిరంతరము వినవచ్చు ధ్వని మాత్రము వాగన్లు ఒకదానికొకటి తగులు ధ్వని. 1955వ సంవత్సరమున సోవియట్ దేశముతో ఒడంబడిక కుదిరి భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణము ఆరంభమైనది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. అంత పెద్ద కర్మాగార ముండుచోట సరుకు బండ్ల రాకపోకలకు కొదువ యుండదు. ఆ బండ్లను విడదీసి, వరుస గూర్చి, తిరిగి దారి పట్టించుటకై ఏర్పడినదే భిలాయి మార్షలింగ్ యార్డు. దాని నంటిపెట్టుకొని పెరిగిన ఊరు చరోదా.

ఈ యార్డునకు తెలుగువా రెట్లు వచ్చిరి? ఈ ప్రధాన మార్గము తొలుత బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1931లో పార్వతీపురము రాయపూరుల నడుమ లైను పూర్తియగుటతో, విజయనగరము నుండి రాయపూరు వరకు నేరుగా రైలు దారి యేర్పడినది. ఆ దారి వెంటనే ఉత్తరాంధ్ర నుండి అనేక కుటుంబములు పనికై ఇటు తరలివచ్చెను. రైల్వే 1944లో ప్రభుత్వ పరమైనది; 1955లో ఆగ్నేయ రైల్వే యైనది; 2003లో ఈ భాగము ఆగ్నేయ మధ్య రైల్వేలో చేరినది. రాష్ట్రము మధ్యప్రదేశ్ నుండి వేరై 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అయినది. ఇన్ని పేర్లు మారినను మారని దొకటి కలదు. పుష్యమాసము రాగానే మనసు బొబ్బిలి వైపు, పార్వతీపురము వైపు పరుగిడును.

ఇక లెక్కకు వత్తము. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు ఢిల్లీ వెలుపల 14 సెలవు దినములు తప్పనిసరిగా నిర్ణయింపబడినవి. గణతంత్ర దినము, స్వాతంత్ర్య దినము, గాంధీ జయంతి, విజయదశమి, దీపావళి, రంజాను, క్రిస్మసు మున్నగునవి వానిలో చేరినవి. ఇవి గాక 12 సందర్భములు గల మరియొక పట్టిక నుండి 3 దినములను స్థానికముగా ఎంచుకొనవలెను. మకర సంక్రాంతియు, ఉగాదియు ఉండునది ఈ రెండవ పట్టికలోనే. అవి హోళీతోను, శ్రీరామనవమితోను, జన్మాష్టమితోను, వినాయక చవితితోను పోటీపడవలెను. తెలుగు దేశమున సంక్రాంతిని విడిచి మరియొక దాని నెంచుకొందురని ఎవరును అనుకొనరు. హిందీ ప్రాంతమున హోళీని విడిచి సంక్రాంతి నెంచుకొనుడని అడుగుటయు న్యాయము కాదు. ఎక్కడ నున్నవారు అక్కడి జనబాహుళ్యము యొక్క పండుగను గౌరవింపవలసినదే.

కావున చరోదాలోని తెలుగు ఉద్యోగికి సంక్రాంతి గోడమీది సెలవు దినము కాదు. అడిగి తెచ్చుకొనవలసిన దినము. కార్యాలయోద్యోగికి సంవత్సరమున రెండు ఐచ్ఛిక సెలవులు కలవు. ఒకటి సంక్రాంతికి, ఒకటి ఉగాదికి వాడినచో వినాయకునికి మిగులున దేమియు లేదు. ఆకస్మిక సెలవు ఒకప్పుడు 12 దినము లుండెడిది. ఐదవ వేతన సంఘము తరువాత అది 8 దినములైనది. భోగి, సంక్రాంతి, కనుమ మూడు దినములు. పోవుటకొకటి, వచ్చుటకొకటి చేర్చిన ఐదు. కనుమనాడు కాకియైనను కదలదని పెద్దలందురు. ఉద్యోగి మాత్రము ఆ సాయంత్రమే మూట గట్టుకొని రైలెక్కును.

కార్యాలయపు గుమాస్తా సంగతి ఇది. యార్డులోని పాయింట్స్‌మన్ సంగతి ఇంతకంటె కఠినము. కార్యాలయములకు తాళము పడు దినమున గూడ యార్డునకు తాళము లేదు. బ్లాస్టు ఫర్నేసు పండుగ నెరుగదు. దానిని చల్లార్చి తిరిగి రగుల్చుట ఇంటి పొయ్యిని రగుల్చుట వంటిది కాదు. ఫర్నేసు ఆగదు గనుక బండ్లు ఆగరాదు. బండ్లు ఆగరాదు గనుక వాని నడుపు మనుష్యు లుండవలెను. సెలవు నీయవలసిన అధికారి ముందున్న చిక్కు ఇదియే. పదిమంది గల జట్టులో ఆరుగురు ఒకే వారమునకు సెలవడిగిరనుకొనుడు. రిలీవర్లు ఇద్దరే యున్నచో, ఆ అధికారి ఎంత సహృదయుడైనను నలుగురికి కాదనక తప్పదు. కాదనుటలో అన్యాయము లేదు. ఏ నలుగురికి, ఏ కారణమున, ఏ విధముగా కాదనెను అనుచోటనే న్యాయాన్యాయములు పుట్టుచున్నవి.

సెలవనునది యజమాని వేసిన భిక్ష యని తలచువారు నేటికిని కలరు. అట్టివారు కొంత చరిత్ర తెలిసికొనవలెను. బొంబాయి నూలు మిల్లులలో పందొమ్మిదవ శతాబ్దమున కూలివారికి వారమున కొక్క విశ్రాంతి దినమైనను నియమముగా లేదు. నారాయణ మేఘాజీ లోఖండే అను నాయకుడు 1884లో కార్మికుల సభలు జరిపి, ఐదువేలకు పైగా కార్మికుల సమ్మతితో ఒక విజ్ఞాపన సిద్ధపరచెను. ఆదివారము సెలవు కావలెను, మధ్యాహ్నము అరగంట విశ్రాంతి కావలెను, జీతము సకాలమున నీయవలెను అనునవి అందలి కోర్కెలలో కొన్ని. లోఖండే తిరిగిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలోని కామాఠీ తెలుగు గుత్తదారులు అండగా నుండిరనుట తెలుగువారికి స్మరణీయము. ఆరు సంవత్సరములు గడచెను. 1890 ఏప్రిల్ 24న సుమారు పదివేలమంది కార్మికులు సభ తీర్చిరి. ఇద్దరు స్త్రీలు గూడ ఆ సభలో మాటలాడిరి. ఆ యేడు జూను 10న మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవునకు ఒప్పుకొనెను. మరుసటి యేడు ఫ్యాక్టరీ చట్టమున వారపు సెలవునకు చోటు దొరకినది. 2005లో భారత తపాలా శాఖ లోఖండే పేర బిళ్ళ వెలువరించినది.

వేతనముతో గూడిన వార్షిక సెలవు మరికొంత ఆలస్యముగా వచ్చినది. 1936లో అంతర్జాతీయ కార్మిక సంస్థ యొక యేటి సేవకు కనీసము ఆరు పనిదినముల సెలవు నిర్ణయించినది. ఇచట 1945లో ఫ్యాక్టరీ చట్టమునకు జరిగిన సవరణ వలన వేతనపు సెలవు ప్రవేశించినది. 1948 నాటి ఫ్యాక్టరీ చట్టము ఏటికి 240 దినములు పనిచేసినవారికి ప్రతి 20 దినములకు ఒక దినము చొప్పున సెలవు నొసగినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన 2020వ సంవత్సరపు వృత్తి భద్రతా సంహిత ఆ 240 దినములను 180కి తగ్గించినది.

1948 నాటి చట్టములో మరియొక మంచి యేర్పాటుండెను. పని ఆగకుండుటకై సెలవుల పథకమొకటి కార్మికుల ప్రతినిధుల సమ్మతితో సిద్ధపరచి, అందరికి కనబడుచోట అంటింపవచ్చును. సకాలమున పెట్టుకొన్న అర్జీని ఆ పథకము ననుసరించి తప్ప నిరాకరింపరాదు. నిరాకరింపబడిన సెలవు వ్యర్థము గాక, పరిమితి లేకుండ ముందునకు జమపడును. ముందుగా మాటలాడుకొనుట, కాగితముపై పెట్టుట, గోడకు అంటించుట: ఈ మూడు పనులలోనే సెలవు విషయకమైన న్యాయమంతయు ఇమిడియున్నది.

అయితే ప్రభుత్వోద్యోగి ఒక కఠిన వాక్యమును మరువరాదు. సెలవును హక్కుగా కోరరాదని 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమావళి స్పష్టముగా చెప్పుచున్నది. రైల్వే ఉద్యోగులకు వేరు నియమావళి యున్నను భావ మొక్కటియే. ఈ వాక్యమును కొందరు అధికారులు కొరడావలె ఝళిపింతురు. కాని అదే నియమము తరువాతి మాటలను గూడ చదువవలెను. ప్రజాసేవావసరములు కోరినప్పుడు సెలవు నిరాకరింపవచ్చునని అందున్నది. అనగా నిరాకరణకు అవసరము కారణము కావలెను. అధికారి చిరాకు కారణము కారాదు. ఉద్యోగి కోరిన తరగతి సెలవును, అతడు వ్రాతమూలముగా కోరనిదే, వేరొక తరగతి సెలవుగా మార్చు నధికారము గూడ అధికారికి లేదు. హక్కు కానంత మాత్రమున సెలవు దయాధర్మము కాదు. ఏటికి 30 దినముల అర్జిత సెలవు, జనవరి జూలై మాసముల మొదటి తేదీలలో 15 దినముల చొప్పున, ఉద్యోగి లెక్కలో జమయగుచున్నది. అర్జితమనగా సంపాదించుకొన్నదని గదా అర్థము!

సెలవు వేరు, విశ్రాంతి వేరు అను సంగతి యార్డు సిబ్బంది గుర్తెరుగవలెను. 1989 నాటి రైల్వే చట్టము నిరంతరమైన పనివారికి వారమున కొకమారు ఎడతెగని 30 గంటల విశ్రాంతి విధించినది. బండ్లు నడుపు సిబ్బందికి నెలకు 30 గంటల విశ్రాంతులు నాలుగైనను, పూర్తి రాత్రితో గూడిన 22 గంటల విశ్రాంతులు ఐదైనను ఉండవలెను. ఇది శరీరమున కీయవలసిన బాకీ. పండుగకు ఊరు పోవలెనన్నచో వలసినది వేరు సెలవు. ఈ రెండింటిని కలిపివేసి, విశ్రాంతి దొరకినది గదా, ఇక సెలవెందులకని అనుట తగదు.

ఇప్పుడొక ఊహా చిత్రము. ఏదో యొక యార్డులో ఒక పాయింట్స్‌మన్ కలడనుకొనుడు. తండ్రి పోయిన తరువాత వచ్చు తొలి సంక్రాంతి. ఊరిలో తల్లి ఒంటరిగా నున్నది. పెద్దల పేర క్రొత్త బట్టలు పెట్టుటకు, తర్పణము విడుచుటకు కొడుకు రావలెనని ఆమె కబురంపినది. అతడు మొగమాటస్థుడు. నేడు అడుగుదును, రేపు అడుగుదును అనుకొనుచు జనవరి 9న నోరు విప్పెను. యార్డుమాస్టరు బల్లమీది కాగితముల నుండి తల యెత్తకయే, “ఇప్పుడా అడుగుట? మనుష్యులు లేరు, పోవోయ్” అనెను. ఆ మాట న్యాయమే యైనను ఆ తీరు న్యాయము కాదు. పాయింట్స్‌మన్ మారుమాటాడక వెడలిపోయి, రెండు దినముల తరువాత సిక్ పెట్టెను. జబ్బు లేదు, జబ్బు కాగితము కలదు.

తరువాత జరుగున దేమి? అతని చోట తోటివాడు వరుసగా రెండవ షిఫ్టు నిలువవలసి వచ్చును. ఆ తోటివాడు గూడ తెలుగువాడే కావచ్చును. పండుగకు పోలేక మిగిలినవాడే కావచ్చును. పుష్యమాసపు మంచులో, తెల్లవారుజామున, నిద్ర కాగిన కన్నులతో వాగన్ల నడుమ నిలుచుట యెట్టిదో యార్డువారి కెరుకయే. కప్లింగు తగిలించు చేతికిని, బఫర్ల నడుమ నున్న ఛాతికిని నడుమ నున్నది క్షణకాలపు జాగ్రత్తయే. సెలవు వ్యవహారము సంతకముతోనో, ముఖము చిట్లించుటతోనో ముగియునది కాదు. దాని చివర ఒక ప్రాణముండవచ్చును.

తప్పుడు జబ్బు కాగితము నిజమైన రోగికి గూడ శత్రువు. ఒకమారు మోసపోయిన అధికారి మరుసటి మారు నిజముగా జ్వరముతో నున్నవానిని గూడ అనుమానించును. సెలవు మంజూరు కాకుండ వెడలిపోవుట, ముగిసిన తరువాత రాకుండుట ఇంకను ప్రమాదకరము. అది జీతమునకే గాక క్రమశిక్షణ చర్యకును దారితీయును. ఐదు దినముల పండుగకై పాతికేండ్ల సేవకు మచ్చ తెచ్చుకొనుట వివేకము కాదు.

మరి యెట్లడుగవలెను? అడగనిదే అమ్మయైనను పెట్టదను సామెత తెలుగువారిదే. అయినను అడుగుటలో తెలుగువారు వెనుకబడుదురు. మొగమాటము చేత కొంత, ఎట్లును ఈయరను నిరాశ చేత కొంత అడుగక ఊరకుందురు. పిమ్మట లోలోపల కుములుదురు. మొదటి సూత్రము ముందుగా అడుగుట. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 దినముల ముందు తెరచుచున్నారు. జనవరి 12న బయలుదేరువారికి నవంబరు 13న టిక్కెట్లు దొరకును. పాసు మీద పోవువారికైనను బెర్తు కావలసినదే గదా! కావున అర్జీ పెట్టవలసిన కాలము కార్తీకమాసమే. ముగ్గులు విరిసిన తరువాత కాదు.

రెండవది వ్రాతమూలముగా అడుగుట. నడవలో ఎదురుపడినప్పుడు నోటిమాటగా అడిగినచో నోటిమాటగానే జవాబు వచ్చును; అది రెండు దినములలో ఇరువురును మరతురు. మూడవది నిజమైన కారణము చెప్పుట. ఏటేట ఒక తాతను చంపి సెలవు తెచ్చుకొనువాని గాథలు ప్రతి కార్యాలయములోను కలవు. సంక్రాంతికి ఊరు పోవలెను అను కారణము చాలినంత గౌరవప్రదమైనది. దానికి మారువేషము అక్కరలేదు. నాల్గవది పని యెట్లు నడచునో చెప్పుట. తన చోట నిలుచుటకు ఒప్పుకొన్న తోటివాని పేరు కాగితముపై నున్నచో, అధికారి భారము సగము తగ్గును. ఐదవది ప్రత్యామ్నాయము చూపుట. భోగి నుండి కనుమ వరకు వీలుకానిచో, కనుమ తరువాతి వారము ఇప్పించినను చాలునని వ్రాసినవానికి ఉత్తచేతులతో తిరిగిరావలసిన యవసరము తక్కువ.

ఏ భాషలో వ్రాసినను అర్జీ ఇట్లుండిన చాలును: “అయ్యా, జనవరి 13 నుండి 17 వరకు ఐదు దినముల అర్జిత సెలవును, ఊరు విడిచిపోవుటకు అనుమతియు కోరుచున్నాను. తండ్రిగారు గతించిన పిమ్మట ఇది తొలి సంక్రాంతి గనుక ఇంట పెద్ద కొడుకుగా ఉండవలసియున్నది. గత రెండు సంక్రాంతులకు పనిమీదనే యుంటిని. ఇదే గ్యాంగులోని సహోద్యోగి ఈ దినములలో నిలుచుటకు సమ్మతించి క్రింద సంతకము చేసినారు; వారు ఛఠ్ పండుగకు ఊరు వెళ్ళినప్పుడు వారి షిఫ్టు నేను చేసియున్నాను. ఈ తేదీలు వీలుకానిచో, ఏ తేదీలు వీలగునో సెలవిప్పింప ప్రార్థన.” ఇందులో దైన్యము లేదు, దర్పము లేదు. చదివినవానికి కాదనుట కష్టము. కాదనవలసి వచ్చినను కారణము చెప్పక తప్పదు.

ఈ అర్జీలో ఛఠ్ పండుగ ప్రసక్తి వచ్చినది. చరోదా వంటి ఊరికి దైవమిచ్చిన సౌకర్యమే అది. భిలాయి దేశములోని అన్ని ప్రాంతములవారు చేరిన చోటు. బీహారువారికి కార్తీకమున ఛఠ్, వంగీయులకు ఆశ్వయుజమున దుర్గాపూజ, ఒరియావారికి భాద్రపదమున నువాఖాయి, మలయాళీలకు ఓణం, ముస్లిము సోదరులకు రంజాను, క్రైస్తవ సోదరులకు క్రిస్మసు. ఈ నేలకు సొంతవారైన ఛత్తీస్‌గఢ్ ప్రజలకు హరేలి, పోలా, తీజా కలవు; పుష్య పూర్ణిమనాడు ఇంటింటికి పోయి ధాన్యమడుగు ఛేర్‌ఛేరా కలదు. అందరి పండుగలును ఒకే దినమున రావు. ఒకరి పండుగనాడు మరియొకరు పనిలో నిలిచినచో యార్డు ఆగదు, ఏ తల్లియు ఎదురుచూచి విసుగదు. ఒకే భాషవారు మాత్రమే పనిచేయు చోట ఈ మార్పిడి సాధ్యము కాదు. సంక్రాంతికి తనకొరకు నిలువుమని బీహారు సోదరుని అడుగదలచిన తెలుగువాడు, కార్తీక షష్ఠినాడు తానే ముందుగా పోయి “భాయీ, నీ షిఫ్టు నేను చూచుకొందును” అనవలెను.

ఇక ఇచ్చువారి సంగతి. ఈ సభలో అధికారులును ఉన్నారు. నేడు గుమాస్తాలుగా నున్నవారు రేపు అధికారులు కాగలరు. సెలవు నిచ్చువాడు దాత కాడు, పంచువాడు. పంక్తిలో వడ్డించువాడు తన వారను పేర ఒక ఆకులో నేయి ఎక్కువ వేసినచో, తక్కినవారు అన్నము తినుచునే అవమానము గూడ మ్రింగుదురు. తెలుగు అధికారి తెలుగువాడను అభిమానముతో వంతు దాటించి సెలవిచ్చుట భాషాసేవ కాదు. ఆ పక్షపాతము వలన కలుగు అపకీర్తి కాలనీలోని తెలుగువారందరి మీదను పడును. వివాహము కానివానికి సంసారము లేదని ఏటేట అతనినే నిలుపుటయు, ఎదురు చెప్పడని మెత్తనివానినే నిలుపుటయు అన్యాయమే.

మంచి అధికారి చేయదగిన పనులు మూడు. అక్టోబరు మాసముననే ఒక పుస్తకము త్రిప్పి, రాబోవు ఆరు మాసములలో ఎవరికి ఏ పండుగ ముఖ్యమో వ్రాయించుకొనవలెను. గత యేడు పోయినవారు ఈ యేడు నిలుచుట, గత యేడు నిలిచినవారు ఈ యేడు పోవుట అను వంతుల పట్టిక చేసి గోడకు అంటింపవలెను. మరణము, వివాహము, జబ్బు వంటి వానికి మాత్రము వంతు సడలింపవలెను. కాదనవలసి వచ్చినప్పుడు రెండు పంక్తులలో కారణము వ్రాసి, ఏ తేదీల నీయగలడో గూడ చెప్పవలెను. ఏ నియమము బలవంతపెట్టకున్నను ఈ రెండు పంక్తులు వ్రాయుట పెద్దతనము. వార్షిక సెలవు కాలమును నిర్ణయించునప్పుడు పని యవసరములతో పాటు పనివానికి విశ్రాంతి, వినోదములు దొరకు అవకాశములను గూడ చూడవలెనని 1970 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చెప్పుచున్నది. పనివానికి తీరిక దొరకుటయే చాలదు. ఇంటిల్లిపాది కలియు దినములలో దొరకవలెను. మాఘమాసమున ఇచ్చిన పది దినములు సంక్రాంతి మూడు దినములకు సాటి రావు.

వంతుల పట్టిక ఒక్క మనిషి అర్జీతో రాదు. అది పదిమంది కూడి అడుగవలసినది. రైల్వేలో 1952 నుండి శాశ్వత సంప్రదింపుల యేర్పాటు కలదు. కేంద్రోద్యోగుల కందరికి 1966 నుండి సంయుక్త సంప్రదింపుల యంత్రాంగము కలదు. సంయుక్త యంత్రాంగము వ్యక్తుల తగవులు చూడదు గాని, పనివేళలు, సేవా నిబంధనలు, సంక్షేమము వంటి సామాన్య విషయములు చర్చింపవచ్చును. సెలవులు పంచు పద్ధతి యెట్లుండవలెనన్నది అట్టి సామాన్య విషయమే. రిలీవర్ల ఖాళీలు నింపుమని కోరుటయు అట్టిదే. మనుష్యులు లేనిచోట ఎంత మంచి పట్టికయైనను గోడకే అలంకారము.

ఈ సందర్భమున వరాహగిరి వేంకటగిరిగారిని స్మరింపకుండుట యెట్లు? 1894లో బరంపురమున జన్మించిన ఆ తెలుగుబిడ్డ ఈ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకే నాయకుడై, 1927 నాటి ఖరగపూరు సమ్మెలో ముందు నిలిచెను. 1952లో కేంద్ర కార్మిక మంత్రియై, 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందుకు పదవిని విడిచెను. 1969లో రాష్ట్రపతి యయ్యెను. న్యాయస్థానము తీర్పు చెప్పువరకు ఆగుటకంటె, పనివారును యజమానులును బల్లకు ఇరువైపుల కూర్చుండి తామే పరిష్కరించుకొనుట మేలని ఆయన మతము. అంత పెద్ద మనుష్యుడు చెప్పిన సూత్రము ఒక యార్డులోని ఐదు దినముల సెలవునకు గూడ సరిపోవును.

ఇల్లాండ్రకును, ఊరిలోని పెద్దలకును ఒక విన్నపము. సెలవు దొరకని కొడుకు ప్రేమ లేనివాడు కాడు. క్రొత్త అల్లుడు తొలి సంక్రాంతికి రాలేదని అలిగిన అత్తవారు, అతడు ఆ రాత్రి ఏ క్యాబిన్‌లో ఏ లివరు పట్టి నిలిచెనో యొకమారు తలపోయవలెను. నేడు స్త్రీలును కార్యాలయములలో, యార్డులలో, ఆసుపత్రులలో పనిచేయుచున్నారు. వారికి సెలవు దొరకిన దినమున గూడ వంటింటి పనికి సెలవు లేకపోవుట ఏ నియమావళియు సరిదిద్దలేని అన్యాయము. దానిని ఇంటిలోని మగవారే సరిదిద్దవలెను.

తెలుగు సంఘములు చేయదగిన పనియు కలదు. ప్రతి సంవత్సరము పంచాంగము చూచి, తెలుగు పండుగల తేదీలును వాని ప్రాముఖ్యమును హిందీలో ఒక పుటగా వ్రాసి, అక్టోబరులోనే అధికారుల కందింపవచ్చును. భోగి యెందులకు, కనుమ యెందులకు అని తెలియని అధికారి, మూడు దినములెందుకని అడుగుట సహజము. తెలిసిన పిమ్మట ఆ ప్రశ్న పుట్టదు. అదే కాగితముపై, తెలుగువారు ఏ యే పండుగలనాడు ఇతరుల కొరకు నిలుచుటకు సిద్ధముగా నున్నారో గూడ వ్రాసిన, ఆ కాగితమునకు గౌరవము హెచ్చును.

ఎన్ని చేసినను, ప్రతి సంక్రాంతికిని కొందరు చరోదాలోనే మిగులుదురు. బండ్లు నడువవలెను గనుక మిగులక తప్పదు. ఊరు పోయినవారు వారిని మరువకుందురు గాక. భోగినాటి ఉదయమున కాలనీలోని యే యింటనో వండిన అరిసెలు, జంతికలు ఒక డబ్బాలో పెట్టి, డ్యూటీలో నున్నవారి క్యాబిన్‌కు అందజేయుటకు ఎవరి సంతకమును అక్కరలేదు. ఊరినుండి తిరిగివచ్చినవారు మొదట చూడవలసినది, తమ బదులు నిలిచిన ఆ సహోద్యోగి ముఖము. అతనితో చెప్పవలసిన మాటయు నొక్కటే: “వచ్చే యేడు నీవు పోవలెను, నేను నిలుతును.” ఆ మాట చెప్పి నిలబెట్టుకొన్నవాని అర్జీని ఏ అధికారియు తేలికగా త్రోసిపుచ్చలేడు.

సెలవు.